మామూలు మనుషుల జాబితా

నన్ను పొగరుబోతు అన్నవాళ్ళ పేర్లు రాస్తే మా దుకాణంలో కొలతల పుస్తకం చాలదు. వీధిలో ఎదురుపడితే పలకరించనట. వాళ్ళు నవ్వితే నేను నవ్వనట. నిన్న చొక్కా కుట్టించుకున్న మనిషి ఈరోజు ఎదురొస్తే ఎవరో అన్నట్టు పక్కనుంచి పోతానట. పోతాను! నా దారిన నేను పోయేవాణ్ణి, కనిపించిన ప్రతివాడికీ పళ్ళికిలించాలని ఎక్కడైనా రాసి ఉందా? అదే మనిషిని దుకాణంలోకి వచ్చి ఒక్క మాట మాట్లాడమనండి. ఏ భుజం ఎంత వాలిందో, ఏ చెయ్యి ఎంత పొడుగో టేపు ముట్టుకోకుండా చెప్పేస్తాను. ముప్ఫై ఏళ్ళుగా దర్జీ పని చేస్తున్నాను, ఒక్కడి చొక్కా ఇంకొకడికి ఇచ్చిన పాపాన పోలేదు. ముందే చెప్తున్నాను, నాకు కోపం కాస్త ఎక్కువ. అయినా ఈ కథ నాది కాదు, మా చెల్లెలిది.

మా చెల్లెలు మెదడు శాస్త్రవేత్త. బయట ఆవిడకి పెద్ద పెద్ద బిరుదులున్నాయి, ఇంట్లో మాత్రం పేరు బుర్ర. ఆ పేరు పెట్టింది నేనే. ఎనిమిదేళ్ళప్పుడు, "అన్నయ్యా, కళ్ళు మూసుకున్నా నాకు ఎర్రరంగు ఎలా కనిపిస్తోంది?" అని మొదలుపెట్టింది. ఇప్పుడు నలభై నాలుగు, ఇంకా ఆపలేదు. కింద దుకాణం, మధ్యలో అమ్మ, నేను, నా భార్య, మా అమ్మాయి, మేడ మీద బుర్ర. భోజనానికి కిందికి దిగుతూ చంకలో ఒక ప్లాస్టిక్ మెదడు పట్టుకొస్తుంది. అది ముక్కలు ముక్కలుగా ఊడుతుంది. మనం ముద్ద నోట్లో పెట్టుకునే సరికి ఒక ముక్క కంచం పక్కన పెట్టి, "ఇదిగో అన్నయ్యా, వెనకాల, కింద, కుడివైపు, నీ బొటనవేలంత చోటు. మొహాలు చూసే పని దీనిది. చెట్టు చూపించు, ఊరుకుంటుంది. కుర్చీ చూపించు, ఊరుకుంటుంది. మొహం కనిపించిందా, లేచి కూర్చుంటుంది!" అంటుంది. చెప్తున్నంతసేపూ గొంతు పైకి లేస్తుంది, చేతులు ఆగవు. మంచినీళ్ళ గ్లాసు ఎన్నిసార్లు ఒలకబోసిందో లెక్కలేదు. తిట్టుకుంటూనే వింటాను. ఒక పని మీద అంత పిచ్చి ఉన్న మనిషిని చూస్తే నాకు లోపల ముచ్చటేస్తుంది.

ఏడేళ్ళుగా ఆవిడ వెంటపడ్డది ఒకటే సంగతి. కొంతమందికి పుట్టుకతోనే మొహాలు గుర్తుండవట. కళ్ళు బాగానే ఉంటాయి, తెలివి బాగానే ఉంటుంది, మొహం మాత్రం మనసులో నిలవదు. కొన్ని కుటుంబాల్లో అది తల్లి నుంచి పిల్లలకి, వాళ్ళ నుంచి వాళ్ళ పిల్లలకి దిగుతుంది. అలాంటి పదకొండు కుటుంబాలని వెతికి పట్టుకుని, వాళ్ళ రక్తం తీసి, జన్యువుల్లో ఒకేచోట ఒక చిన్న మార్పు ఉందని కనిపెట్టింది. "పెద్ద పుస్తకంలో ఒక్క అక్షరం తప్పు పడ్డట్టు. ఆ పుస్తకం చూసి ఎన్ని కాపీలు రాస్తే అన్నింట్లోనూ ఆ తప్పు దిగుతుంది" అని చెప్పింది నాకు.

ఇక మిగిలింది ఒకటే. ఆ మార్పు మామూలు మనుషుల్లో లేదని చూపించాలి. అందుకు ఇరవై నలుగురు మామూలు మనుషులు కావాలి. ఏ ప్రయోగశాలలోనైనా మనుషులు తక్కువపడితే మొదట బలయ్యేది సొంతవాళ్ళేనట. మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి రక్తం తీయించింది. రోజంతా సూదితో బతికేవాణ్ణి, ఆ సూది చూసి కళ్ళు తిరిగి కుర్చీలోంచి జారిపోయాను. మా అమ్మాయి ఇప్పటికీ ఆ సంగతి చెప్పి నవ్వుతుంది. రక్తంతో పాటు ఒక కాగితం కూడా ఇచ్చారు. 'మొహాలు గుర్తుపట్టడంలో మీకు ఇబ్బంది ఉందా?' అని ప్రశ్న. నాకు ఒళ్ళు మండిపోయింది. కొలతలు నోటికి చెప్పేవాణ్ణి పట్టుకుని అడిగే ప్రశ్నేనా అది? 'లేదు' అన్నచోట కాగితం చిరిగేలా టిక్కు పెట్టాను. మా అమ్మాయి నన్ను చూసి తనూ అదే పెట్టింది. అమ్మ ఆ ప్రశ్న రెండుసార్లు చదివించుకుని, "లేదని రాయి" అంది. మేనమామ దూరంగా ఉంటాడు, అక్కడే రక్తం తీయించి పంపాడు, కాగితం పోస్టులో వచ్చింది. ఆయనా అదే.

తర్వాత పేర్లన్నీ తీసేసి సీసాల మీద అంకెలు వేశారు. ఏ అంకె ఎవరిదో రాసిన పట్టీ ఆఫీసు గుమాస్తా సొరుగులో పెట్టి తాళం వేసింది. ఎవరి రక్తమో తెలిస్తే చూసే కన్ను పక్షపాతం చూపిస్తుందట. అందుకని మా చెల్లెలికి కూడా తెలియకూడదు.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం బుర్ర దుకాణంలోకి వచ్చింది. "నేను, బుర్రని" అంది గుమ్మంలోనే. వచ్చి కత్తిరింపు గుడ్డల కుప్ప మీద కూలబడింది. చేతిలో ప్లాస్టిక్ మెదడు లేదు. కత్తెర కింద పెట్టేశాను.

"అయిపోయింది అన్నయ్యా. ఆ మార్పు మామూలువాళ్ళలో కూడా ఉంది. ఇరవై నలుగురిలో నలుగురికి."

"ఉంటే?"

"మొహాలు చక్కగా గుర్తుపట్టేవాళ్ళకి కూడా అదే మార్పు ఉందంటే, గుర్తుపట్టకపోవడానికి అది కారణం కాదన్నమాట. నేను ఏడేళ్ళు వెతికింది తప్పన్నమాట. నెలాఖరుకి కమిటీ వస్తుంది. ఈ లెక్క చూస్తే నా పని ఆపేసి నా గది ఇంకెవరికో ఇచ్చేస్తారు."

ఆవిడ గొంతు అలా పడిపోగా నేను ఎప్పుడూ వినలేదు. నాకు కోపం నషాళానికంటింది. "ఎవరే ఆ నలుగురు? ఆ అంకెలేవో చెప్పు, సొరుగు బద్దలు కొట్టి పేర్లు లాగుతాను. నిన్నింత ఏడిపించినవాళ్ళు నా చేతికి చిక్కాలి, ఒక్కొక్కడికీ కాలర్లు పీక్కుపోయేలా బిగించి కుడతాను!" అని ఒంటికాలి మీద లేచాను. పాపం, ఆ దిగుల్లోనూ ఫక్కున నవ్వింది.

ఆ తర్వాత వారం రోజులు తిండి మానేసింది. పొద్దున పోతే చీకటి పడితే గాని రాదు. చూసి చూసి నా భార్య భోజనం డబ్బా కట్టి, "పదండి, మనమే పోయి తినిపిద్దాం" అని నన్ను బయల్దేరదీసింది.

బుర్ర గది ఒక పొడుగాటి నడవా చివర ఉంటుంది. గోడవారన మనిషెత్తు ఫ్రిజ్జులు గుర్రుమంటుంటాయి, వాటి తలుపుల మీద ఎర్ర అంకెల్లో లోపలి చలి ఎంతో కనిపిస్తుంటుంది. ఒక మూల చిన్న యంత్రం సీసాలని ఊపుతూ ఉంటుంది. గోడకి మెదడు ఫోటోలు. మేం వెళ్ళేసరికి ఆవిడ కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. "తినకపోతే మీ మెదడుకి మీరే శత్రువు" అని నా భార్య డబ్బా విప్పుతోంది. నేను ఊరికే ఉండలేక తెరవైపు చూశాను. ఐదు మొహాలు వరసగా ఉన్నాయి. జుట్టు లేదు, చెవులు లేవు, మెడ లేదు. కోడిగుడ్డు ఆకారంలో మొహం మాత్రం కత్తిరించి పెట్టారు.

"ఎవరే వీళ్ళు? నీ దగ్గరికొచ్చే రోగులా?" అన్నాను. "ఈవిడెవరో పెద్దావిడ. ఈ పక్కది చదువుకునే పిల్లలా ఉంది. ఈ మూడోవిడ ఎవరో గాని, ఎవరి మీదో బాగా మండిపడుతోంది."

నా భార్య చేతిలో గరిటె ఆగింది. "అది నేనండీ!" అంది.

"హాస్యాలాడకు."

"హాస్యమేంటి నా మొహం! అది నేనే. మొన్న ఫోటో తీసేటప్పుడు పాలు పొంగిపోయాయని మీ మీద అరుస్తున్నాను చూడండి!"

బుర్ర కుర్చీ మెల్లగా నా వైపు తిరిగింది. "అన్నయ్యా, కొత్త పరీక్ష కోసం ఫోటోలు కత్తిరించి చూస్తున్నాను. చేతికందినవి మన ఇంటివే కదా అని అవే వాడాను. ఈ పెద్దావిడ ఎవరు?"

"తెలీదు."

"అమ్మ. ఈ పిల్ల?"

నేను తెరకి ఇంకాస్త దగ్గరగా వంగాను.

"నీ కూతురు. ఈ నాలుగోది నేను. మరి ఈ చివర మనిషి?"

"ఎవరో మగవాడు. బాగా పొగరుబోతులా ఉన్నాడు."

"నువ్వే."

నా భార్య అందుకుంది. "పాతికేళ్ళు కాపురం చేశాను మహానుభావా! నా మొహం తెలీదా మీకు? అయితే ఆ రోజు సంతలో నేను చెయ్యూపుతుంటే గాలికి పోయినట్టు పోయింది కావాలని కాదన్నమాట! వారం రోజులు మాట్లాడలేదు నేను! మరి ఇంతమందిలో నన్నెలా గుర్తుపడుతున్నారు ఇన్నాళ్ళూ?"

నాకూ కోపం వచ్చింది. "ఎలా గుర్తుపట్టడమేమిటి? నీ ఎడమ భుజం కుడిదానికంటే వేలెడు కిందికుంటుంది. నడిచేటప్పుడు కుడికాలు ఒక పిసరు ముందే లేస్తుంది. ఏదైనా దాస్తున్నప్పుడు మాటకి ముందు చిన్నగా గాలి పీలుస్తావు. నవ్వొచ్చినప్పుడు ముందు మోచేతులు దగ్గరికి లాక్కుంటావు. వెయ్యిమందిలో ఉన్నా పట్టుకుంటాను. మొహంతో నాకేం పని?"

ఆవిడ డబ్బా ముందుకి జరిపింది. "తినండి, చల్లారిపోతోంది" అంది మా చెల్లెలితో. గొంతులో కోపం లేదు. మోచేతులు దగ్గరికి లాక్కుని ఉంది.

బుర్ర మాత్రం లేచి గదిలో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది. "అన్నయ్యా, నేను ఇంట్లోకి వస్తే నేనేనని నీకెలా తెలుస్తుంది?"

"నువ్వు చెప్తావుగా. ఎవరైనా ఇంట్లోకొస్తే నేను ఫలానా అని చెప్తూనే వస్తారు. అది మర్యాద. చిన్నప్పుడు అమ్మ నేర్పలేదూ?"

"నాకు కూడా కొత్తకోడలిగా వచ్చిన మొదటిరోజే చెప్పారు అత్తయ్య. మా పుట్టింట్లో ఈ పద్ధతి లేదు. మీ ఇంటి మర్యాద కాబోలు అనుకున్నాను" అంది నా భార్య.

"వదినా, ఎవరింట్లోనూ లేదు!" అని అరిచింది బుర్ర. రెండు చేతులూ తలమీద పెట్టుకుంది. "నేను పుట్టినప్పటినుంచి చెప్తున్నాను కాబట్టి నాకు తోచలేదు. నాకు మొహాలు బాగానే తెలుస్తాయి. అందరూ అంతేననుకున్నాను. మామూలువాళ్ళని ఇబ్బంది ఉందా అని కాగితం మీద అడిగి ఊరుకున్నాను, పరీక్ష పెట్టలేదు. పుట్టుకతో లేనివాడికి లేదని తనకెలా తెలుస్తుంది? ఇంత తెలివితక్కువ పని ఇంకెవరైనా చేస్తారా! అన్నయ్యా, నువ్వు కాలర్లు బిగిస్తానన్న నలుగురిలో ఒకడివి నువ్వే అయి ఉండాలి!" అని నన్ను కావలించుకుని, నవ్వుతూనే ఏడ్చింది. నాకు ఏం చెయ్యాలో తెలియక వీపు తట్టాను. నలభై తొమ్మిదేళ్ళకి ఒక మనిషికి తను పొగరుబోతు కాదని తెలిస్తే ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేను. ఒళ్ళు తేలికైపోయింది.

కానీ సొరుగు వెంటనే తెరవడానికి లేదట. ముందు ఇరవై నలుగురికీ మొహాల పరీక్ష పెట్టాలి, ఆ తర్వాతే పట్టీ చూడాలి. లేకపోతే తనకి నచ్చినట్టు లెక్క దిద్దుకుందని కమిటీ అంటుంది. నెలాఖరుకి తొమ్మిది రోజులుంది. బుర్ర పరుగులు పెట్టి పరీక్ష పెట్టింది. చూపించిన మొహాలు నలభై. మామూలువాళ్ళకి ముప్ఫై దాటి వచ్చాయి. నాకు పదమూడు, మా అమ్మాయికి పదిహేను, మేనమామకి పన్నెండు. మా అమ్మాయి అయితే, "కాలేజీలో నాకు స్నేహితులు ఎందుకు తక్కువో ఇప్పుడు తెలిసింది నాన్నా" అని ఆరోజే ఇద్దరికి ఫోను చేసి సంగతి చెప్పింది. గంటసేపు నవ్వులు వినబడ్డాయి గదిలోంచి.

ఇరవై ముగ్గురు అయ్యారు. మిగిలింది అమ్మ. అమ్మ ససేమిరా రానంది.

"నాకేం రోగం? రక్తమిచ్చాను, కాగితం రాశాను. ఇంకేం కావాలి?" అని తలుపేసుకుంది. నేను వెళ్ళి అరిచాను, నాకంటే గట్టిగా అరిచింది. నా కోపం ఎక్కడినుంచి వచ్చిందో వేరే పరీక్ష అక్కర్లేదు. నా భార్య బతిమాలింది. మనవరాలు బుజ్జగించింది. ఊహుఁ. కమిటీ రావడానికి ఇంకా రెండు రోజులే.

"పోనీ అమ్మని వదిలేస్తే?" అన్నాను.

"వదిలేస్తే అమ్మ అంకె మామూలువాళ్ళ జాబితాలోనే ఉంటుంది. అందులో ఆ మార్పు ఉంటే కమిటీకి ఆ ఒక్కరు చాలు. తీసేస్తే, అడ్డొచ్చినదాన్ని తీసేసిందంటారు" అంది బుర్ర. ఆవిడ గొంతు మళ్ళీ పడిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరం కలిసి అమ్మ గదిలోకి వెళ్ళాం. బుర్ర ప్లాస్టిక్ మెదడు పట్టుకుని మంచం మీద కూర్చుని, "ఇదిగో అమ్మా, వెనకాల, కింద..." అని మొదలుపెట్టింది.

"ఆపవే తల్లీ, ఇంటంత బుర్ర!" అంది అమ్మ. "చిన్నప్పటినుంచి వింటూనే ఉన్నాను."

ఇక నావల్ల కాలేదు. "అమ్మా, నాకు నలభైకి పదమూడొచ్చాయి. నా పెళ్ళాం మొహం నాకు తెలీదు. నీ మొహం చూపిస్తే ఎవరో పెద్దావిడ అన్నాను. నా మొహమే నాకు తెలీలేదు."

అమ్మ నా వైపు తిరిగింది. "నీకూనా?" అంది.

ఆ ఒక్క మాటతో బుర్ర చేతిలో మెదడు పక్కన పెట్టేసింది.

"నీకు ఐదేళ్ళురా అప్పుడు" అంది అమ్మ. "బడిలో ఆరోజు పిల్లలందరికీ జుట్టు పొట్టిగా కత్తిరించారు. అందరివీ ఒకే రంగు చొక్కాలు. గేటు దగ్గర నిన్ను తీసుకుపోదామని వచ్చాను. ఎవరు నువ్వో నాకు తెలీలేదు. నువ్వు నా ఎదురుగానే నిలబడ్డావు. నీ పక్కనుంచి రెండుసార్లు పోయాను. నువ్వు ఆట అనుకుని నవ్వుతూ నిలబడ్డావు. మూడోసారి ఏడ్చావు. ఆ ఏడుపు విని పట్టుకున్నాను నిన్ను. మీ మేనత్త పక్కనే ఉంది, అంతా చూసింది. 'కన్నబిడ్డని పోల్చుకోలేని తల్లిని నిన్నే చూశాను' అంది."

"ఆవిడకేం తెలుసు!" అన్నాను.

"నాకేం తెలుసురా మరి? ప్రేమ ఉంటే గుర్తుండదా అనుకున్నాను. నాకు నీ మీద ప్రేమ లేదేమో, అందరు తల్లులకీ ఉండేది నాకు రాలేదేమో అనుకున్నాను. ఆరోజునుంచే, ఇంట్లోకి ఎవరొచ్చినా పేరు చెప్పి రావాలని పెట్టాను. మళ్ళీ నీ పక్కనుంచి పోకుండా. ఆ కాగితం మీద ఉందని ఎలా రాయమంటావు? రాస్తే నా పిల్లలకి తెలిసిపోదూ?"

బుర్ర ఉపన్యాసం ఏదీ ఇవ్వలేదు. అమ్మ చెయ్యి పట్టుకుంది. "అది ప్రేమ చేసే పని కాదమ్మా. ఆ చోటు నీకలా పుట్టింది, అంతే. నువ్వు చేసిన తప్పేమీ లేదు."

"నిజంగానా? నన్ను ఊరడించడానికి అంటున్నావా?"

"ఏడేళ్ళు అదే పని చేసి అంటున్నాను."

అమ్మ కళ్ళు తుడుచుకుంది. "అయితే ఆ మాట కాగితం మీద రాసి, సంతకం పెట్టి, మీ ఆఫీసు ముద్ర కూడా వేసివ్వు" అంది. "ఇప్పుడు ఆ పరీక్షేదో పెట్టు."

అమ్మకి నలభైకి తొమ్మిది వచ్చాయి. "అందరికంటే తక్కువ నాకేనా?" అని అడిగింది. అవునంటే, "చూశావా" అంది నాతో, నేనేదో పందెం ఓడినట్టు.

మర్నాడు పొద్దున్నే గుమాస్తా సొరుగు తెరిచింది. ఆ నలుగురు ఎవరంటే అమ్మ, మేనమామ, నేను, మా అమ్మాయి. మిగతా ఇరవై మందిలో ఒక్కరికీ ఆ మార్పు లేదు. కమిటీ సొంతవాళ్ళని జాబితాలో పెట్టినందుకు బుర్రకి గట్టిగా చీవాట్లు పెట్టింది. పరీక్ష పెట్టకుండా కాగితం నమ్మినందుకు ఇంకో విడత పెట్టింది. ఆ తర్వాత గది ఇంకో ఐదేళ్ళు ఆవిడకే అంది. ఇంటికి వచ్చి మెట్ల మీద గెంతులేసింది. నలభై నాలుగేళ్ళ మనిషి! పక్కింటివాళ్ళు కిటికీల్లోంచి చూస్తుంటే నాకే సిగ్గేసింది. అయినా ఆపమనలేదు.

అమ్మ కాగితం ఆదివారం వచ్చింది. ముద్ర, సంతకం, అన్నీ ఉన్నాయి. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని తనే చదువుకుంది, రెండుసార్లు. మేనత్తకి చూపిస్తుందేమోనని, రిక్షా పిలవనా అని అడిగాను. "ఎందుకూ?" అని కాగితం మడిచి దిండు కింద పెట్టుకుంది. "ఇలా వచ్చి కూర్చో" అంది.

కూర్చున్నాను. నా మొహం రెండు చేతులతో పట్టుకుని కిటికీ వెలుతురుకి తిప్పి చూస్తూ కూర్చుంది. నుదురు చూసింది, ముక్కు చూసింది, గడ్డం మీద గాటు చూసింది. మెడ పట్టేసేలా ఉంది.

"ఏంటమ్మా అంతలా చూస్తున్నావు?"

"రేపటికి గుర్తుండదుగా. అందుకే ఇవాళ చూసుకుంటున్నాను. ఇన్నాళ్ళూ భయానికి సరిగ్గా చూడనే లేదు. కదలకు."

కింద దుకాణం ముందు ఎవరో పిలుస్తున్నారు. పిలవనీ అని కూర్చున్నాను.